అతుకు దగ్గర కొలత: మాంటాజ్, ఆధునిక కవిత – ప్రాజెక్టు డైరీ

ఆధునిక కవిత మీద సినిమా మాంటాజ్ (విడివిడి షాట్లని పక్కపక్కన అతికించి కొత్త అర్థం పుట్టించే పద్ధతి) ప్రభావం ఉందని వ్యాసాల్లో తరచూ చదువుతాం. ఏ పంక్తిలో, ఏ రెండు మాటల మధ్య ఉందో వేలు పెట్టి చూపించినవి మాత్రం తక్కువ. ఆ వేలు పెట్టే పనే ఈ ప్రాజెక్టు. కవితల్ని ఫిల్మ్ ముక్కల్లాగా కాగితం పట్టీలుగా కత్తిరించడం, పొడవు కొలవడం, వరస మార్చి మళ్లీ అతికించి చదవడం. తీసుకున్న కవితలు మూడు: ఎజ్రా పౌండ్ రెండు పంక్తుల మెట్రో కవిత (1913), బ్లెయిజ్ సాండ్రార్ ట్రాన్స్ సైబీరియన్ కవిత (1913), టి.ఎస్. ఎలియట్ 'ది వేస్ట్ లాండ్' (1922). పక్కన పెట్టుకున్న సినిమాలు అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ 'ఇంటాలరెన్స్' (1916), సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 'బాటిల్‌షిప్ పొటెంకిన్' (1925).

1వ వారం: పట్టీలు, కొలబద్ద

35 ఎం.ఎం. ఫిల్మ్‌లో ఫ్రేముకి నాలుగు చిల్లులు, అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 16 ఫ్రేములన్న మూకీల లెక్క తీసుకుంటే అడుగు ఫిల్మ్ సరిగ్గా ఒక సెకను. వెయ్యి అడుగుల రీలు 16 నిమిషాల 40 సెకన్లు. చేత్తో తిప్పే ప్రొజెక్టర్ల కాలం కాబట్టి వేగం హాలుకో రకంగా ఉండేది. కానీ ఎడిటింగ్ బల్ల దగ్గర మాత్రం పొడవే కాలం. ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అది ఎంతసేపు నడుస్తుందో కంటికే తెలిసిపోయేది. కవితకీ అలాంటి కొలబద్ద ఒకటి ముందు కావాలి.

మాటలు లెక్కపెడితే తెలుగులో పనికి రాదు. 'వెళ్లలేకపోతున్నాను' ఒక్క మాటే, కానీ అది నాలుగైదు ఇంగ్లీషు మాటలంత పొడవు నడుస్తుంది. పంక్తులు లెక్కపెట్టినా అంతే, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. మన ఛందస్సులోనే అసలైన కొలబద్ద ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ముత్యాలసరాలు మూడు, నాలుగు మాత్రల నడకలో సాగుతాయని చదువుకున్న వాళ్లెవరికైనా ఈ లెక్క చేతికి వస్తుంది. ఒక మాత్రకి 5 మిల్లీమీటర్లు అని నిర్ణయించాం. గ్రాఫ్ కాగితం గడి సరిగ్గా అంతే ఉంటుంది.

పట్టీ వెడల్పు 35 మి.మీ. ఎ4 కాగితం 210 మి.మీ. వెడల్పు కాబట్టి నిలువునా కోస్తే లెక్క ప్రకారం ఆరు పట్టీలు రావాలి, ఒక్కోదాని మీద 59 మాత్రలు పట్టాలి. రావు. ప్రింటరు నాలుగు పక్కలా అంచు వదిలేస్తుంది, గడులు కాగితం చివరి దాకా పడవు. అయిదు పట్టీలు, ఒక్కోదానికి 55 మాత్రలు అనుకుని మొదలుపెడితే మధ్యలో కాగితం చాలక ఆగాల్సిన అవసరం రాదు. కాగితం 120 జీఎస్ఎం కన్నా తక్కువైతే నాలుగుసార్లు అటూ ఇటూ మార్చేసరికి కొసలు చుట్టుకుపోతాయి.

అతికించడానికి గమ్ వద్దు. వెనకవైపు మాస్కింగ్ టేపు వేయాలి. ఫిల్మ్ సిమెంటుతో అతికించే రోజుల్లో ముక్క కొసన ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) గీకి, రెండో ముక్క దాని మీద పరిచి నొక్కేవాళ్లు. ఆ అతుకు విప్పి మళ్లీ వేస్తే ప్రతిసారీ ఫ్రేములు పోయేవి. కాగితానికి ఆ నష్టం లేకుండా చూసుకోవచ్చు. వరస పాతిక సార్లయినా మార్చి చూడాలి కదా.

ప్రతి పట్టీకి రెండు నంబర్లు. ఎడమ అంచున పెన్సిల్‌తో పంక్తి నంబరు, కుడి అంచున ఎర్ర సిరాతో షాట్ నంబరు. ఈ రెండు నంబర్ల పద్ధతి సొంత కల్పన కాదు, ఐసెన్‌స్టీన్‌దే. రెండో వారం పనంతా దాని మీదే.

2వ వారం: పంక్తి వేరు, షాట్ వేరు

ఈ పనికి దిగిన ఎవరైనా ముందు చేసే తప్పు పంక్తికొక షాట్ అనుకోవడం. అలా కోస్తే ప్రతి కవితా మాంటాజ్ కవితే అవుతుంది, ఇక తేల్చడానికి ఏమీ మిగలదు.

1938లో రాసిన వ్యాసంలో ఐసెన్‌స్టీన్ రష్యన్ కవి పుష్కిన్ రాసిన 'పొల్తావా' నుంచి ఒక భాగం తీసుకున్నాడు. యుద్ధానికి ముందు పీటర్ చక్రవర్తి గుడారంలోంచి బయటికి వచ్చే చోటు. పంక్తులకి రోమన్ అంకెలు వేశాడు. తర్వాత అదే భాగాన్ని చూపుల ప్రకారం, ఒక్కో చూపు ఒక్కో షాట్‌గా విడగొట్టి మామూలు అంకెలు వేశాడు. పంక్తులు 14, షాట్లూ 14. కానీ పంక్తీ షాటూ ఒకదానితో ఒకటి సరిపోయినవి రెండే చోట్ల. మిగతా అన్నిచోట్లా షాట్ పంక్తి మధ్యలో తెగుతుంది, లేదా పంక్తి దాటి పారుతుంది. పీటర్ రాకలో ఉన్న ఊపు ఈ రెండు విభజనల పెనుగులాటలోంచి వస్తుందని ఆయన చూపించాడు. మొత్తాలు సరిగ్గా సమానం కావడం వల్ల వాదన ఇంకా గట్టిపడింది: తేడా సంఖ్యలో లేదు, తెగే చోట్లలో ఉంది.

అదే పద్ధతిని వేస్ట్ లాండ్ మొదటి ఏడు పంక్తుల మీద పెట్టాం. ఏడింటిలో అయిదు పంక్తులు 'ఇంగ్' తో ఆగుతాయి: బ్రీడింగ్, మిక్సింగ్, స్టిరింగ్, కవరింగ్, ఫీడింగ్. ఇంగ్లీషులో కర్మ క్రియ తర్వాత వస్తుంది కాబట్టి 'బ్రీడింగ్' దగ్గర పంక్తి తెగితే, దేన్ని అన్న ప్రశ్న గాల్లో ఉండగా చూపు కింది పంక్తికి పడుతుంది. లిలాక్ పూలు అక్కడ ఉంటాయి. అంటే షాట్ అతుకు మీదుగా పారుతుంది. ఎర్ర నంబరు ప్రతిసారీ పంక్తి చివరికి ఒక్క మాట ముందు పడింది.

దీన్ని తెలుగులోకి తేవడంలో ఒక చిక్కు. 'ఇంగ్' కి 'తూ' సరి అనుకుని 'లిలాక్ పూలు మొలిపిస్తూ' అని పంక్తి ముగిస్తే వ్యాకరణం బాగానే ఉంటుంది, కొక్కెం మాత్రం ఊడిపోతుంది. మన వాక్యంలో కర్మ ముందే వచ్చేస్తుంది. 'మొలిపిస్తూ' దగ్గరికి వచ్చేసరికి దేన్ని అన్నది తెలిసే ఉంటుంది. మిగిలేది ప్రధాన క్రియ కోసం ఎదురుచూపు మాత్రమే, అది చాలా నెమ్మది ఎదురుచూపు. తెలుగులో అదే లాగుడు కావాలంటే క్రియని కాకుండా కర్మని పంక్తి చివర వేలాడదీయాలి:

ఏప్రిల్ నెల బహు కర్కశం, లిలాక్ పూలను
చచ్చిన నేలలోంచి మొలిపిస్తుంది, జ్ఞాపకాన్నీ కోరికనూ
కలిపేస్తుంది

'ను' దగ్గర పంక్తి తెగితే ఏం చేస్తుందన్న ప్రశ్న లేస్తుంది. ఇంగ్లీషులో దేన్ని అన్నది వేలాడితే మనకి ఏం చేస్తుందన్నది వేలాడుతుంది. వేలాడే వస్తువు మారింది, వేలాడడం మిగిలింది. అనువాదంలో కాపాడవలసింది అతుకు దగ్గర పడే ఈ లాగుడే. ప్రత్యయాల పోలిక దానికి సాయం చేయదు.

3వ వారం: రెండు పట్టీలు

ఎక్కువ రోజులు తిన్నది అన్నిటికన్నా చిన్న కవితే. పారిస్‌లో లా కాంకార్డ్ మెట్రో స్టేషన్‌లో రైలు దిగినప్పుడు వరసగా కనిపించిన అందమైన ముఖాల గురించి పౌండ్ మొదట 30 పంక్తుల కవిత రాసి చింపేశాడు. ఆర్నెల్ల తర్వాత దాంట్లో సగం పొడవుది రాశాడు. ఇంకో ఏడాదికి అది రెండు పంక్తులైంది. ఈ వివరం ఆయనే 1914లో రాశాడు. ఇంగ్లీషులో శీర్షిక వదిలేస్తే 14 మాటలు. మొదటి పంక్తిలో గుంపులో ముఖాలు పొడసూపడం, రెండో పంక్తిలో తడిసిన నల్ల కొమ్మ మీద పూల రేకులు. మధ్యలో 'లాగా' లేదు, క్రియ లేదు. 1913 ఏప్రిల్‌లో 'పొయెట్రీ' పత్రికలో అచ్చయినప్పుడు మాటల గుంపుల మధ్య వెడల్పైన ఖాళీలు కూడా ఉన్నాయి. తర్వాతి ముద్రణల్లో అవి మూసుకుపోయాయి.

తెలుగులో మొదటి ప్రయత్నం:

గుంపులో ఈ ముఖాలు
తడిసిన నల్ల కొమ్మ మీద రేకులు

11 మాత్రలు, 17 మాత్రలు. అంటే 55 మి.మీ., 85 మి.మీ. పొడవుల తేడా కన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. గట్టిగా చదివితే అది ఒక వాక్యం అయిపోయింది: ఈ ముఖాలు రేకులు. తెలుగులో 'అతను డాక్టరు', 'ఇది మా ఊరు' అంటే చాలు, మధ్యలో క్రియ అక్కర్లేదు. కాబట్టి రెండు నామవాచకాలు పక్కపక్కన పెడితే భాష తనంతట తానే వాటిని సమానం చేసేస్తుంది. ఇంగ్లీషులో క్రియ తీసేస్తే అతుకు తెరుచుకుంటుంది, తెలుగులో క్రియ తీసేస్తే అతుకు మూసుకుపోతుంది. రెండు షాట్లు పెట్టామనుకుంటే చేతికి వచ్చింది రూపకాలంకారం. మాంటాజ్ కవితని తెలుగులోకి తెచ్చేవాళ్లు ఇక్కడే ఎక్కువగా జారతారని మా అభిప్రాయం.

రెండో ప్రయత్నంలో 'రేకుల్లా' అన్నాం. అది ఇంకా దూరం పోయింది. పోలికని బయటికే చెప్పే ఉపమ అయిపోయి, సినిమాలో డిజాల్వ్ వేసినట్టు ఒకటి కరిగి ఇంకొకటి అయింది. ఉపమావాచకం, అంటే 'లా' లాంటి పోలిక మాట, తీసేస్తే లుప్తోపమ అవుతుందని అలంకారశాస్త్రం చదివిన వాళ్లు గుర్తు చేస్తారు, నిజమే. కానీ లుప్తోపమలో వాచకం లోపించినా పోలిక ఉందన్న సంగతి ముందే ఖాయం. మెట్రో కవితలో అది కూడా ఖాయం కాదు, చదివేవాడే తేల్చుకోవాలి.

మూడోది:

గుంపులో ఈ ముఖాలు పొడసూపడం:
తడిసిన నల్ల కొమ్మ మీద రేకులు

18 మాత్రలు, 17 మాత్రలు. పట్టీలు ఒకదాని కింద ఒకటి పెడితే ఒక్క గడి తేడా. 'పొడసూపడం' చేరాక సమీకరణం నిలవదు. ఒక పని రేకులతో సమానం కాలేదు, కాబట్టి వాక్యం ఏర్పడదు. రెండు ముక్కలూ విడివిడిగా నిలబడతాయి, మధ్యలో చదివేవాడికి చోటు దొరుకుతుంది. అప్పుడు మూలం వైపు మళ్లీ చూస్తే అక్కడా సరిగ్గా అదే జరిగింది. ఆ పంక్తికి తల 'అపారిషన్' అన్న మాట, ముఖాలు దాని వెనక వచ్చేవి. దాన్ని అలంకారం కోసం వేసిన మాట అనుకుని వదిలేస్తే మొత్తం కూలుతుంది.

ఇదే సంగతి పొటెంకిన్‌లో మూడు రాతి సింహాల దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. క్రిమియాలో అలూప్కా రాజభవనం మెట్ల మీద మూడు వేర్వేరు విగ్రహాలు: పడుకున్నది, తల ఎత్తినది, లేచినది. మూడింటిలో ఏదీ కదలదు. మూడు కదలని షాట్లు వరసగా అతికించగానే సింహం లేచి గర్జించినట్టు ఉంటుంది. క్రియ ఏ ముక్కలోనూ లేదు, అతుకుల్లో ఉంది. దీన్ని తెలుగు పట్టీల మీద ఇలా రాశాం: 'పడుకున్న సింహం. తల ఎత్తిన సింహం. లేచిన సింహం.' క్రియాజన్య విశేషణం మన భాషకున్న గొప్ప పనిముట్టు, కదలికని పట్టి నామవాచకానికి బొమ్మలా బిగించేస్తుంది. 'పడుకున్న సింహం తల ఎత్తి లేచింది' అని రాస్తే అర్థం అదే, కానీ లేవడం మనమే చెప్పేశాం. చదివేవాడికి చేయడానికి పని లేదు.

4వ వారం: తేదీల పట్టిక

ప్రభావం అన్న మాట వాడే ముందు ఎవరు ఏ సంవత్సరంలో ఏం చూడగలిగారో రాసుకోవాలి. ఇది చేయకపోతే ప్రాజెక్టు మొత్తం తప్పు పునాది మీద లేస్తుంది.

వేస్ట్ లాండ్ 1922 అక్టోబర్‌లో అచ్చయింది. పొటెంకిన్ మొదటి ప్రదర్శన మాస్కోలో 1925 డిసెంబర్‌లో. బ్రిటన్ సెన్సారు దానికి అనుమతి ఇవ్వలేదు. 1929 నవంబర్‌లో లండన్ ఫిల్మ్ సొసైటీ తన సభ్యులకి చూపించింది. కాబట్టి ఎలియట్ ఐసెన్‌స్టీన్ దగ్గర నేర్చుకున్నాడని రాస్తే అది అసాధ్యం. పైగా సంగీత హాళ్ల గాయని మేరీ లాయిడ్ చనిపోయినప్పుడు రాసిన వ్యాసంలో ఎలియట్ సినిమాని చౌక సరుకు కింద తీసిపారేశాడు. పౌండ్ కూడా అంతే. ఇంప్రెషనిస్టు కళ చేసే పనిని సినిమా యంత్రమే చేసేస్తుంది కాబట్టి అలాంటి కళ ఇక అక్కర్లేదన్నట్టు 1914లో రాశాడు. అదే పౌండ్ 1921లో, నగరంలో దృశ్యాలు ఒకదాని వెంట ఒకటి, ఒకదాని మీద ఒకటి పడుతుంటాయనీ అవి సినిమాటోగ్రాఫిక్ అనీ ఒప్పుకున్నాడు. ఏడేళ్లలో మనిషి మారాడు. ఈ మార్పు మనకి చాలా విలువైన సాక్ష్యం.

మరి పౌండ్ హైకూ లాంటి కవితకీ ఐసెన్‌స్టీన్ మాంటాజ్‌కీ ఇంత పోలిక ఎందుకుంది? ఇద్దరూ ఒకే బావి నీళ్లు తోడుకున్నారు. ఐసెన్‌స్టీన్ 1920లో జపనీస్ లిపి నేర్చుకున్నాడు. 1929 వ్యాసంలో ఆ లిపినుంచే ఉదాహరణలు ఇచ్చాడు: కన్ను, నీళ్లు కలిస్తే ఏడుపు; తలుపు, చెవి కలిస్తే వినడం; కత్తి, గుండె కలిస్తే దుఃఖం. హైకూలు మాంటాజ్ పదబంధాలని అక్కడే అన్నాడు. పౌండ్ వైపు చూస్తే చైనా లిపి మీద అమెరికన్ పండితుడు ఫెనలోసా రాసిపెట్టిన వ్యాసాన్ని ఆయనే సవరించి 1919లో అచ్చు వేయించాడు. ఇద్దరి మధ్య గీత గీయకూడదు, ఇద్దరి నుంచీ తూర్పుకి గీతలు గీయాలి.

నేరుగా చేయి కలిపిన వాళ్లు వేరే ఉన్నారు. సాండ్రార్ ఫ్రెంచ్ దర్శకుడు అబెల్ గాన్స్ దగ్గర 'జాక్యూజ్', 'లా రూ' సినిమాలకి సహాయకుడిగా పనిచేశాడు. 'లా రూ' (1923) లో కొన్ని చోట్ల షాట్లు తగ్గుతూ తగ్గుతూ ఒక్క ఫ్రేముకి దిగుతాయి. రష్యన్ కవి మయకోవ్‌స్కీ సినిమాల్లో నటించాడు, స్క్రిప్టులు రాశాడు. ఆయన నడిపిన 'లెఫ్' పత్రిక 1923 సంచికలోనే ఐసెన్‌స్టీన్ 'ఆకర్షణల మాంటాజ్' వ్యాసం వచ్చింది. మెట్లుమెట్లుగా దిగే పంక్తులు కూడా మయకోవ్‌స్కీ రాతలో ఆ ఏడాది నుంచే మొదలయ్యాయి. అమెరికన్ కవయిత్రి హెచ్.డి. 'క్లోజ్ అప్' పత్రికలో (1927–1933) సినిమా గురించి రాసింది, 'బార్డర్‌లైన్' (1930) లో నటించింది. పట్టికలో ఈ ముగ్గురి కింద నిండు ఎర్ర గీత. పౌండ్, ఎలియట్ కింద చుక్కల గీత.

తెలుగులో చుక్కల గీత కాకుండా నిండు గీత గీయగల పేరు ఒకటుంది. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' వేసిన పఠాభి, 1970లో 'సంస్కార' అనే కన్నడ సినిమా తీశారు. రెండు పనుల మధ్య 31 ఏళ్లు. ఆ కవితల అతుకుల్ని ఇదే కొలబద్దతో కొలవడం విడిగా చేయాల్సిన పని.

ప్రభావం ఒకవైపే నడవలేదన్నదీ పట్టికలో తేలింది. 'ఇంటాలరెన్స్' లో నాలుగు కాలాల కథల్ని కలిపే ఊయల షాట్ అమెరికన్ కవి విట్‌మన్ కవితా పంక్తిలోంచి వచ్చింది. ఆ సినిమా మాస్కో చేరాక సోవియట్ దర్శకుడు కులెషోవ్ బృందం దాన్ని పాఠ్యపుస్తకంలా చదివింది. ఆ ఊయల మిగతా షాట్లతో కలవలేదని ఐసెన్‌స్టీన్ తర్వాత విమర్శించాడు. గ్రిఫిత్‌కి సమాంతర కథనం డికెన్స్ నవలల నుంచి వచ్చిందనీ చూపించాడు. వేస్ట్ లాండ్ చిత్తుప్రతికి ఎలియట్ మొదట పెట్టుకున్న పేరు కూడా డికెన్స్ నవల నుంచే, పోలీసు వార్తల్ని రకరకాల గొంతులతో చదివే కుర్రాడి గురించిన మాట. సినిమా దారీ కవిత దారీ వెనక్కి నడిస్తే ఒకే నవలాకారుడి గుమ్మం ముందు కలుస్తున్నాయి. ఈ గీత గీసినప్పుడు కలిగిన సంతోషం ఈ ప్రాజెక్టులో ఇంకెక్కడా కలగలేదు.

5వ వారం: కులెషోవ్ పరీక్ష, మాటలతో

కులెషోవ్ చేసిన ప్రయోగం గురించి ఆయన శిష్యుడు పుడోవ్‌కిన్ రాసిన వర్ణన అందరికీ తెలిసిందే. నటుడు మొజ్జూఖిన్ ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో స్త్రీ, ఒకసారి బొమ్మతో ఆడుకుంటున్న పాప. చూసినవాళ్లు అదే ముఖంలో దీర్ఘాలోచన, దుఃఖం, సంతోషపు చిరునవ్వు చూశారు.

మాటల్లో దీనికి ఒక తటస్థ పట్టీ, మూడు పక్క పట్టీలు కావాలి. తటస్థ పట్టీ: 'అతను అటు చూశాడు.' పక్కవి: 'పొయ్యి మీద గంజి కుండ.' 'వాకిట్లో పాడె.' 'అరుగు మీద తొక్కుడుబిళ్ల ఆడుతున్న పిల్ల.' ముఖం పట్టీ ముందు, తర్వాత వస్తువు, మళ్లీ ముఖం.

చెడిపోయే చోట్లు నాలుగు కనిపించాయి. తటస్థ పట్టీలో 'తదేకంగా', 'ఊరికే' లాంటి ఒక్క క్రియావిశేషణం పడినా పరీక్ష అయిపోయినట్టే, భావం ముక్కలోనే వచ్చేసింది. పక్క పట్టీలో 'చల్లారిన గంజి' అన్నా అంతే, 'చల్లారిన' లో అప్పుడే జాలి ఉంది. ఒకే మనిషికి మూడు వరసలూ చదివించకూడదు, మొదటిది చదివాక రెండోదాన్ని కొత్తగా చదవలేరు, ఒక్కొక్కరికి ఒక్కటే ఇవ్వాలి. నాలుగోది మన భాషలోనే ఉన్న గట్టి చిక్కు: 'చూశాడు', 'చూసింది', 'చూశారు' అనే క్రియలు లింగాన్నీ గౌరవాన్నీ తెచ్చేస్తాయి. 'చూశారు' అంటే పాడె పక్కన ఆ మనిషి పెద్దవాడై పోతాడు, పోయింది కొడుకేమో అన్న ఊహ కూడా మొదలవుతుంది. దీన్ని తప్పించుకోవడానికి 'అటు తిరిగిన ముఖం' అని రాసి చూశాం. సింహాల దగ్గర పనిచేసిన క్రియాజన్య విశేషణమే ఇక్కడా పనిచేసింది. ముఖం ఎవరిదో, ఆడో మగో, చిన్నో పెద్దో ఏదీ తేలదు. తేల్చేది పక్కనున్న ముక్కే.

6వ వారం: గోడ మీద 433 సెంటీమీటర్లు

వేస్ట్ లాండ్‌కి మాత్రల కొలత వాడలేదు, మూలం ఇంగ్లీషు కాబట్టి. పంక్తికి ఒక సెంటీమీటరు. మొత్తం 433 పంక్తులు, 4.33 మీటర్ల గోడ. అయిదు భాగాలు 76, 96, 139, 10, 112 సెంటీమీటర్లు. నాలుగో భాగం అరచేతి వెడల్పంత ముక్క. దూరం నుంచి చూస్తే పొడవైన షాట్ల మధ్య పడిన చిన్న ఇన్సర్ట్‌లా ఉంది.

అది మొదట అంత చిన్నది కాదు. 1971లో అచ్చయిన చిత్తుప్రతుల ప్రకారం అక్కడ ఓడ ప్రయాణం గురించి 80కి పైగా పంక్తులు ఉండేవి, పౌండ్ కొట్టేశాడు. మూడో భాగం మొదట్లో అంత్యప్రాసల ద్విపదల్లో ఉన్న సుమారు 70 పంక్తులు కూడా పోయాయి. నీరసపడిన ఎలియట్ మునిగిపోయిన నావికుడి పది పంక్తులు కూడా తీసేయమంటావా అని అడిగితే పౌండ్ ఒప్పుకోలేదు. మొదటి భాగంలో జోస్యం చెప్పే ఆవిడ చీట్లలో ఆ నావికుడు ఉన్నాడు, కాబట్టి ఇక్కడ అతను ఉండి తీరాలి అన్నాడు. ఎడిటర్ ఆలోచించేది అచ్చంగా ఇలాగే: ముక్క అందంగా ఉందా అని చూడడు, ఎక్కడో వెనక పెట్టిన షాట్‌కి ఇది జవాబు చెబుతోందా అని చూస్తాడు. కొట్టేసిన పంక్తులకి బూడిద రంగు పట్టీలు చేసి మూలంలో ఉన్నచోట గుచ్చితే, ఓడ ప్రయాణం మొదలై ముగిసే తీరు పూర్తిగా కథలా ఉంది. అతుకులు లేవు. కొట్టేయడానికి అదే కారణమని పట్టీలు చూస్తే తెలుస్తుంది.

రెండో భాగంలో సారా దుకాణం మూసేవాడి కేక అయిదుసార్లు పెద్ద అక్షరాల్లో వస్తుంది: 141, 152, 165, 168, 169 పంక్తులు. మాట మధ్యలో తగిలి, తర్వాత మాట ఆగినచోటే మళ్లీ మొదలవుతుంది. మూకీ సినిమాలో టైటిల్ కార్డు (తెర మీద మాటలు రాసి చూపించే పలక) సరిగ్గా ఇలాగే షాట్‌ని చీల్చి మళ్లీ అదే షాట్‌కి వదిలేస్తుంది. ఎర్ర పట్టీలు పెట్టి మధ్య దూరాలు కొలిస్తే 11, 13, 3, 1 సెంటీమీటర్లు. మొదట దాదాపు సమానంగా నడిచి చివర్లో కుదించుకుపోయాయి. ముక్కల పొడవు తగ్గిస్తూ ఉద్వేగం పెంచడాన్ని ఐసెన్‌స్టీన్ 1929లో మెట్రిక్ మాంటాజ్ కింద వివరించాడు. ఈ కవిత అప్పటికి ఏడేళ్ల పాతది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న ప్రశ్న ఇక్కడ నిలవదు, కొలత మాత్రం నిలుస్తుంది.

ఇక అయిదో భాగం, ఉరుము. బృహదారణ్యకోపనిషత్తు అయిదో అధ్యాయంలో ప్రజాపతి 'ద' అంటాడు. దేవతలకి అది 'దామ్యత', ఇంద్రియాల్ని అణచుకోండి. మనుషులకి 'దత్త', ఇవ్వండి. అసురులకి 'దయధ్వం', దయ చూపండి. ఉపనిషత్తులో వరస ఇదీ: దామ్యత, దత్త, దయధ్వం. ఎలియట్ దీన్ని దత్త, దయధ్వం, దమ్యత అని మార్చాడు. ఉపనిషత్తు చదివిన తెలుగు పాఠకుడి కంట ఈ మార్పు వెంటనే పడుతుంది, తప్పు రాశాడనిపిస్తుంది కూడా.

మూడు పట్టీలూ విప్పి ఉపనిషత్తు వరసలో అతికించి చదివాం. అప్పుడు చివర వచ్చేది దయధ్వం కింది పంక్తులు: తాళంచెవి, ఎవరి చెరసాలలో వాళ్లు. దాని వెంటనే ఒడ్డున కూర్చుని చేపలు పడుతున్న మనిషి. చెరసాలకీ ఒడ్డుకీ మధ్య ఏదీ పట్టుకోదు, గెంతినట్టు ఉంది. ఎలియట్ వరసలో చివర దమ్యత: ప్రశాంతమైన సముద్రం, చేతి అదుపుకి పడవ లొంగడం. తర్వాత ఒడ్డు. నీటి మీంచి నీటి అంచుకి చూపు జారి ఆగుతుంది. ఇద్దరు మనుషులు, రెండు చోట్లు, కానీ నీరు ఒకటే కావడంతో అతుకు కనపడదు. అర్థం కోసం చేసిన మార్పని టీకాలు రాస్తే రాయొచ్చు, మా చేతిలో ఉన్న పట్టీలు మాత్రం అతుకు కోసమే చేశాడని చెబుతున్నాయి.

మిగిలిన పని

సాండ్రార్ 1924లో 'కొడాక్' పేరుతో వేసిన పుస్తకంలో కవితలు చాలావరకు గుస్తావ్ ల్ రూజ్ రాసిన జనరంజక నవల నుంచి కత్తిరించి కూర్చినవి. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఆయనే బయటపెట్టాడు. ఫిల్మ్ కంపెనీ అభ్యంతరం చెప్పడంతో పుస్తకం పేరు తర్వాత మార్చాడు. కత్తెరతో చేసిన కవిత కాబట్టి మా పద్ధతికి ఇది అసలైన పరీక్ష. నవల వాక్యం ఎక్కడ తెగిందో మూలం పక్కన పెట్టి చూడొచ్చు.

దానికన్నా ముందు ట్రాన్స్ సైబీరియన్ పట్టీ తయారవ్వాలి. మూలం 445 పంక్తులు, సోనియా డెలోనే రంగులతో కాగితాలు అతికించి రెండు మీటర్ల పొడవున చేసిన ఒకే పట్టీ. 150 ప్రతులు నిలబెడితే ఈఫిల్ టవర్ అంత ఎత్తు రావాలని అనుకున్నారు. రెండు మీటర్లలో పంక్తికి దొరికేది నాలుగున్నర మిల్లీమీటర్లు. తెలుగులో అది కుదరదు: కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. పంక్తికి 8 మి.మీ. ఇస్తే 3.56 మీటర్లు అవుతుంది. అంత పొడవు కాగితం మడవక తప్పదు. మడత పడిన ప్రతిచోటా చూపు ఒక క్షణం ఆగుతుంది, అంటే కవితలో లేని కట్ ఒకటి మనం వేసినట్టే. కాబట్టి ముందు ఎర్ర నంబర్లు వేసి, షాట్ ముగిసే చోట్లే మడత గీతలు గీసి, అక్షరాలు ఆ తర్వాత కూర్చాలి.